వాసన వస్తోందని దూరం జరగకండి

(రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య కూటంలో ఒక సీనియర్ నర్సు చేసిన ప్రసంగ పాఠము)

వార్డులో మీవారిని ఎవరికో అప్పగించి, ఈ కాస్త సమయం వీలు చేసుకుని వచ్చినందుకు సంతోషం. మీలో అన్ని మతాలవారూ ఉన్నారు, అన్ని ఊళ్ళవారూ ఉన్నారు. ఈ రోజు నేను చెప్పబోయేది మాత్రం అందరి ఇళ్ళలోనూ ఉన్న సంగతే.

బయట బోర్డు మీద "వృద్ధాప్యంలో వ్యక్తిగత పరిశుభ్రత" అని రాశాము. అలా రాస్తే మర్యాదగా ఉంటుందని. అసలు విషయం వాసన. మీ అమ్మగారి దగ్గర, నాన్నగారి దగ్గర, అత్తగారి దగ్గర, మామగారి దగ్గర వచ్చే వాసన.

ఓ.పి.లో మేము తరచుగా చూసే దృశ్యం ఒకటి చెబుతాను. కొడుకు, కోడలు పెద్దాయనను తీసుకుని వస్తారు. బి.పి. సంగతి, షుగరు సంగతి, మోకాళ్ళ నొప్పుల సంగతి అన్నీ డాక్టరుగారికి చెబుతారు. చీటీ రాయించుకుంటారు. పెద్దాయనను మెల్లగా బయట బెంచీ మీద కూర్చోబెడతారు. అప్పుడు ఒకరు మాత్రం మళ్ళీ లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "సిస్టర్, ఒక్క మాట. ఈ మధ్య ఆయన దగ్గర బాగా వాసన వస్తోందండీ. ఇంట్లో ఉండలేకపోతున్నాము. పిల్లలు దగ్గరకు వెళ్ళటం లేదు" అంటారు. ఆ చివరి మాటే అన్నిటికన్నా ముందు చెప్పవలసినదని వారికి తెలియదు.

ఒకసారి ఇలాగే ఒక పెద్దాయనను జ్వరమని తీసుకొచ్చారు. పదిహేనేళ్ళుగా షుగరు ఉన్న మనిషి. మంచం వసారాలోకి మార్చి రెండు వారాలైందని, ముసలితనం వల్ల వాసన వస్తోందని, రోజూ సాంబ్రాణి వేస్తున్నామని కోడలు చెప్పింది. ఆ అమ్మాయి మంచిదే, వేళకు అన్నీ చేస్తోంది. నేను ఆయన కాళ్ళకున్న పాత మేజోళ్ళు విప్పాను. కుడి పాదం అడుగున, బొటనవేలి కింద, రూపాయి బిళ్ళంత రంధ్రం. లోపల చీము. ఆయనకు నొప్పి లేదు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ ఎప్పుడో పోయింది. కంటికి సరిగా ఆనదు, వంగి పాదం అడుగు చూసుకోలేరు. ఆ కాలు తన బాధ చెప్పుకోవడానికి మిగిలిన దారి ఒక్క వాసనే. ఆ వాసనకు మనం సాంబ్రాణి వేశాము. రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. రెండు వారాల ముందు వస్తే అవి నిలిచేవేమో అని ఆ అబ్బాయి చాలాసార్లు అడిగాడు. నేను ఏమని చెప్పను?

అందుకే ఈ రోజు మీకు చెప్పదలచిన మాట ఒక్కటే. పెద్దవారి దగ్గర వాసన ఎక్కువైతే అది వయసు కాదు. ఎక్కడో ఒక కారణం ఉంటుంది. మంచం జరిపే ముందు ఆ కారణం వెతకండి.

మరి ముసలితనానికి వాసన అంటూ ఉండదా అని మీరు అడగవచ్చు. ఉంటుంది, కొద్దిగా. మన చెమటకు దానంతట దానికి పెద్దగా వాసన ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఉండే చెమటను అక్కడి సూక్ష్మజీవులు విరగ్గొట్టినప్పుడు వాసన పుడుతుంది. వయసు పెరిగేకొద్దీ చెమట తగ్గుతుంది కాబట్టి ఆ రకం వాసన నిజానికి తగ్గాలి. ఇంకొకటి ఉంది. చర్మం మీద ఉండే జిడ్డులోని కొన్ని కొవ్వులు గాలి తగిలి మారినప్పుడు నోనెనాల్ అనే పదార్థం తయారవుతుంది. 2001లో జపాన్ శాస్త్రజ్ఞులు నలభై దాటినవారి చర్మం మీద దీన్ని కనుగొన్నారు. చాలాకాలం మూసి ఉంచిన ట్రంకు పెట్టె తెరిస్తే వచ్చే వాసనలాంటిది. మెడ వెనుక, చెవుల వెనుక, వీపు మీద ఉంటుంది. ముక్కు పగిలిపోయే వాసన మాత్రం కాదు.

2012లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. యువకులు, నడివయసువారు, 75 ఏళ్ళు దాటిన పెద్దవారు, ఈ మూడు రకాలవారికీ చంకల్లో మెత్తటి గుడ్డలు కుట్టిన బనియన్లు ఇచ్చి ఐదు రాత్రులు తొడిగించారు. తరువాత ఆ గుడ్డలను సీసాల్లో పెట్టి, ఎవరివో చెప్పకుండా, కుర్రవాళ్ళ చేత వాసన చూపించారు. పెద్దవారి వాసనే మిగతా ఇద్దరికన్నా తక్కువ ఘాటుగా, తక్కువ చెడుగా ఉందని ఆ కుర్రవాళ్ళే చెప్పారు. ఇది చెప్పినప్పుడల్లా మా వార్డులో తాతగార్లు తమ మనవళ్ళ వైపు చూసి నవ్వుతారు. అంటే ఆరోగ్యంగా ఉండి, రోజూ ఒళ్ళు శుభ్రం చేసుకునే పెద్దమనిషి దగ్గర మనల్ని దూరం జరిపేంత వాసన రాకూడదు. వచ్చిందంటే చూడవలసినది ఏదో ఉంది.

ఇంకో సంగతి. ఆ వాసన వారికి తెలియదు. చూపు తగ్గినట్లే, వినికిడి తగ్గినట్లే వయసుతో వాసన పట్టే శక్తీ తగ్గుతుంది. మతిమరుపు వ్యాధి ఉన్నవారికి, పార్కిన్‌సన్స్ జబ్బు ఉన్నవారికి ఇంకా ముందుగానే తగ్గుతుంది. చీర మీద మరక ఉంటే కళ్ళకు కనిపించదు. పైగా రోజంతా మన దగ్గరే ఉన్న వాసన మన ముక్కుకు తెలియకుండా పోవడం అన్ని వయసులవారికీ ఉన్నదే. "అంత కంపు కొడుతుంటే ఆవిడకు తెలియదా?" అని మీరు కోప్పడతారు. నిజంగానే తెలియదమ్మా. మనవడు ముక్కు మూసుకుని పరుగెత్తినప్పుడు మాత్రం తెలుస్తుంది. అప్పుడు ఆవిడ చేసే పని ఏమిటంటే అన్నం దగ్గరకు రావడం మానేస్తుంది, నలుగురిలోకి రావడం మానేస్తుంది. చర్చికో గుడికో వెళ్ళడం మానేస్తుంది. ఒంట్లో బాగుండలేదు అని చెబుతుంది.

కాబట్టి చెప్పాలి. కాని ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది చాలా ముఖ్యం. పిల్లల ముందు, పక్కింటివారి ముందు వద్దు. వారికి బాగా చనువున్న ఒక్కరే, విడిగా ఉన్నప్పుడు చెప్పండి. "అత్తయ్యా, చీర తడిసినట్లుంది, మార్చుకుందాం రండి. ఈ మధ్య ఆపుకోవడం కష్టంగా ఉందా? నాకు కూడా చిన్నాడు పుట్టాక దగ్గితే పడిపోయేది" అని ఒక కోడలు అనటం నేను విన్నాను. అంతకంటే బాగా ఏ డాక్టరూ అడగలేరు. "కంపు", "మురికి" అనే మాటలు ఎత్తనే లేదు చూడండి. ఆ రోజే ఆ పెద్దావిడ ఏడాదిగా దాచిన సంగతి బయటపెట్టింది.

ఇప్పుడు ఎక్కడెక్కడ వెతకాలో చెబుతాను. మొదట మూత్రం, ఎందుకంటే ఎక్కువ ఇళ్ళలో కారణం ఇదే. ఆడవారికి కాన్పుల తరువాత, వయసుతో, కండరాలు వదులై దగ్గినా తుమ్మినా చుక్కలు పడతాయి. మగవారికి ప్రోస్టేటు గ్రంథి పెరిగి మూత్రం పూర్తిగా రాక, లోపల నిండిపోయి, పొంగినట్లు కొంచెం కొంచెం కారుతూ ఉంటుంది. ఇంట్లోవారు "మాటిమాటికీ పోస్తూనే ఉన్నారు, బాగానే వస్తోంది" అనుకుంటారు. కాని లోపల సంచి నిండుగా ఉంటుంది, చివరకు కిడ్నీలు దెబ్బతింటాయి. పొత్తికడుపు ఉబ్బి గట్టిగా ఉండి, పంచె ఎప్పుడూ తడిగా ఉంటే ఆలస్యం చేయవద్దు. అలాగే గట్టి మలబద్ధకం ఉన్నవారిలో గడ్డకట్టిన మలం అడ్డుపడి, దాని పక్కనుంచి నీళ్ళలాగా కారుతుంది. విరేచనాలని మందుల షాపులో కట్టే మాత్ర తెచ్చి వేస్తారు. దానితో అసలు జబ్బు ఇంకా బిగుస్తుంది.

దీనికి పెద్దవారు తమంతట తాము చేసుకునే వైద్యం ఒకటుంది. నీళ్ళు తాగడం మానేస్తారు. తాగకపోతే రాదు కదా అని. అప్పుడు మూత్రం చిక్కబడి వాసన ఇంకా ఘాటెక్కుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది. గుండెజబ్బు, కిడ్నీజబ్బు వల్ల డాక్టరు కొలత పెట్టినవారు తప్ప మిగతావారు పగలంతా కొంచెం కొంచెంగా తాగాలి, సాయంత్రం తరువాత తగ్గించుకోవచ్చు. నీరు లాగే మాత్ర వేసుకునేవారు దాన్ని ఏ వేళకు వేసుకుంటే మంచిదో అడిగి తెలుసుకోండి. రెండు మూడు గంటలకు ఒకసారి, రావాలనిపించినా అనిపించకపోయినా, బాత్‌రూముకు తీసుకువెళ్ళడం అలవాటు చేస్తే సగం బట్టలు తడవకుండా మిగులుతాయి. రాత్రి మంచం పక్కన పాట్ పెట్టండి. దారిలో ఒక చిన్న లైటు వెలగనివ్వండి.

మూత్రం వాసన వచ్చినంత మాత్రాన ఇన్ఫెక్షన్ అని మీ అంతట మీరు యాంటీబయాటిక్ కొని వేయకండి. మంట, జ్వరం, చలి, లేదా ఉన్నట్టుండి మాటలు తడబడి మనుషులను గుర్తుపట్టకపోవడం ఉంటే మాత్రం వెంటనే తీసుకురండి. పెద్దవారిలో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి జ్వరంగా కాక మతి తప్పినట్లుగా కనిపిస్తుంది.

షుగరుకు ఈ మధ్య డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు చాలామందికి రాస్తున్నారు. గుండెకు, కిడ్నీకి మంచి మందులే. కాని అవి షుగరును మూత్రంలో బయటకు పంపుతాయి కాబట్టి మర్మాంగాల దగ్గర ఫంగస్ పట్టి దురద, వాసన రావచ్చు. అలా వస్తే మాత్ర మీరే ఆపేయకండి, డాక్టరుకు చెప్పండి. ప్రతిసారి నీళ్ళతో కడిగి పొడిగా తుడుచుకుంటే చాలావరకు రాదు.

ఇప్పుడు చెప్పబోయేది స్త్రీల సంగతి. ఇది దాచినంతగా మన ఇళ్ళలో ఇంకేదీ దాచరు. నెలసరి ఆగిపోయి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు అయిన తరువాత చెడువాసనతో తెల్లబట్ట అయినా, ఎర్రబట్ట అయినా, ఒక్క చుక్క రక్తం కనబడినా అది మామూలు కాదు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ అలాగే కనిపించవచ్చు. గర్భసంచి జారి, అది ఒరుసుకుని పుండైనా వాసన వస్తుంది. దానికి లోపల రింగు పెట్టించుకుని పరీక్షలకు రావడం మరచిపోయినవారు కూడా ఉన్నారు. "ఈ వయసులో నన్ను పరీక్ష చేయడమేమిటి, సిగ్గులేకుండా" అంటారు. బైబిలులో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ మీలో చాలామంది విన్నారు. ఆమె కూడా గుంపులో వెనుకనుంచి, ఎవరికీ తెలియకుండానే వచ్చింది. మన అమ్మలకు ఆ వెనుకదారి కూడా ఉండదు. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. మా ఆసుపత్రిలో లేడీ డాక్టరుగారే చూస్తారు, తెర వేస్తాము, మీరు పక్కన ఉండవచ్చు.

నోటి సంగతి. కట్టుడు పళ్ళు ఉన్నవారు రాత్రి వాటిని తీసి, బ్రష్షుతో తోమి, నీళ్ళలో వేసి పడుకోవాలి. రాత్రింబగళ్ళు అలాగే ఉంచుకుంటే వాటి కింద ఫంగస్ పడుతుంది. పళ్ళు లేనివారికి కూడా చిగుళ్ళు, నాలుక తడిగుడ్డతో తుడవాలి. పళ్ళే లేవు, ఇంకేం తోమేది అని వదిలేస్తారు. చాలా మందుల వల్ల నోరు ఎండిపోతుంది, లాలాజలం తగ్గితే వాసన వస్తుంది. గుక్కెడు నీళ్ళు మాటిమాటికీ ఇవ్వండి. చుట్ట, జర్దా, గుట్కా అలవాటున్నవారి నోరు టార్చిలైటు వేసి చూడండి. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్దవాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, నిప్పు నోటి లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు ఉంది. వీరికి అంగిట్లో, అంటే నోటి పైకప్పులో, క్యాన్సర్ వస్తుంది. మూడు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఏది కనిపించినా చూపించాలి.

ఊపిరిలో వచ్చే మార్పులు కూడా ఉన్నాయి. షుగరు మనిషి ఊపిరి మగ్గిన పండులాగా తియ్యగా వాసన వస్తూ, వేగంగా శ్వాస తీస్తూ, మగతగా ఉంటే ఆ క్షణమే ఎమర్జెన్సీకి తీసుకురండి. షుగరు మిషన్‌లో అంకె మరీ ఎక్కువ లేదని ఆగకండి, ఇందాక చెప్పిన మాత్రలు వేసుకునేవారిలో అంకె ఎక్కువ లేకుండానే ఇది రావచ్చు. నోట్లో మూత్రం వాసన వస్తుంటే కిడ్నీ పరీక్ష అవసరం.

ఇక ఒంటి మడతలు. చంకలు, రొమ్ముల కింద, పొట్ట మడత కింద, గజ్జలు, కాలివేళ్ళ సందులు. అక్కడ తడి నిలిస్తే చర్మం ఒరుసుకుపోతుంది, ఫంగస్ పడుతుంది. దీనికి మందుల షాపువారు ఇచ్చే కలగలుపు క్రీములలో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉండి, తరువాత మూడింతలై తిరిగి వస్తుంది. పౌడరు గుమ్మరించకండి, అది చెమటతో కలిసి పిండిముద్దలా గడ్డకడుతుంది. కడిగి, ఒత్తి తుడిచి, ఆరనివ్వడమే మందు. షుగరు ఉన్నవారి పాదాలు ప్రతిరోజూ చూడండి. అడుగున చూడండి, వేళ్ళ మధ్య చూడండి. ఈ ప్రసంగంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

"అన్నీ చేయడానికి మేము సిద్ధమే సిస్టర్, ఆయన స్నానానికే రారు, ఏం చేయమంటారు?" అని పోయినసారి ఒక సోదరుడు అడిగారు. మంచి ప్రశ్న. స్నానం వద్దనే మనిషి మొండివాడని అనుకోకండి. ఆయన దేనికి భయపడుతున్నారో చూడండి. ఒకసారి బాత్‌రూములో జారిన మనిషికి ఆ గడప దాటడమంటే ప్రాణభయం. నేల మీద పాచి ఉంటుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కింద పీట మీద కూర్చుంటే లేవలేరు. కొందరికి భుజం పట్టేసి చెయ్యి వీపు దాకా వెళ్ళదు. కొందరికి చలి. చాలామందికి సిగ్గు. కొడుకు ముందు, కోడలి ముందు బట్ట విప్పడం ఎంత కష్టమో మీరు మీ మీదికి తెచ్చుకుని ఆలోచించండి. మతిమరుపు ఉన్నవారికి ముందు ఏం చేయాలి, తరువాత ఏం చేయాలి అన్న వరుసే గుర్తుండదు. తలమీద నీళ్ళు పడితే ఎవరో తనను ముంచేస్తున్నారని అనుకుంటారు, తిడతారు, కొడతారు కూడా.

ఇంకో కారణం దుఃఖం. నలభై ఏళ్ళు కలిసి బ్రతికిన భార్య పోయిన తరువాత ఒక మనిషి గడ్డం గీసుకోవడం మానేస్తాడు, బట్టలు మార్చడం మానేస్తాడు. దాన్ని బద్ధకం అంటాము. అది డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు, దానికి మందు ఉంది.

ప్రతిరోజూ నిండా తలమీద నుంచి స్నానం చేసి తీరాలన్న పట్టుదల మీరు కూడా వదలండి. వారానికి రెండు మూడుసార్లు పూర్తి స్నానం చేయించి, మిగతా రోజుల్లో ముఖం, చంకలు, గజ్జలు, మర్మాంగాలు, పాదాలు తడిగుడ్డతో తుడిస్తే ఆరోగ్యానికి సరిపోతుంది. ఎండాకాలంలో మన ఊళ్ళలో ఎక్కువసార్లు కావాలి, అది వేరే సంగతి. పెద్దవారి చర్మం పలచన, పొడి. రోజూ ఘాటు సబ్బు రుద్దితే పగిలి దురద పెడుతుంది. సబ్బు మడతలకు, పాదాలకు చాలు. ఒంటికి మెత్తని సున్నిపిండి వాడుకోవచ్చు. స్నానం తరువాత ఒళ్ళు కాస్త తడిగా ఉండగానే కొబ్బరినూనె రాయండి. ముందు నూనె పట్టించి తలంటి పోసే ఆచారం మంచిదే కాని ఆ నూనె నేల మీద పడితే తుంటి ఎముక విరుగుతుంది. మా ఎముకల వార్డులో ఉన్నవారిని అడగండి.

కింద పీటకు బదులు చేతులున్న గట్టి ప్లాస్టిక్ కుర్చీ వేయండి. గోడకు ఇనుప కడ్డీ బిగించండి. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువు ఆగదు. లోపల గడియ వేయనివ్వకండి, తలుపు దగ్గరగా వేసి మీరు బయట నిలబడండి. బకెట్లో ముందు చన్నీళ్ళు, తరువాత వేన్నీళ్ళు పోసి మీ మోచేతితో చూడండి, వారి పాదంతో కాదు. స్పర్శ లేని పాదం కాలినా తెలియదు. నీళ్ళు కాగేందుకు హీటరు కడ్డీ వాడేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీసిన తరువాతే నీళ్ళు ముట్టుకోవాలి. స్నానానికి ఒక వేళ పెట్టుకోండి. మొదట పాదాల మీద పోసి, మెల్లగా పైకి రండి. చెంబు వారి చేతికే ఇవ్వండి. తాము పోసుకోగలిగినంత తాము పోసుకుంటే గౌరవం నిలుస్తుంది. పైన ఒక పలచని బట్ట కప్పి, దాని కిందనే రుద్దితే సిగ్గు సగం పోతుంది.

మంచం మీదనే ఉన్నవారికి రెండు బేసిన్లు, నాలుగు మెత్తటి గుడ్డలు చాలు. ముఖంతో మొదలుపెట్టి, చేతులు, ఛాతీ, పొట్ట, కాళ్ళు, వీపు, చివరికి మర్మాంగాలు. అక్కడికి వచ్చేసరికి నీళ్ళు, గుడ్డ మార్చాలి. ఆడవారికి ముందునుంచి వెనుకకు మాత్రమే తుడవాలి. ఏ భాగం తుడుస్తున్నామో అదే తెరిచి, మిగతాది కప్పి ఉంచండి. తుడిచేటప్పుడు నడుము కింద, తుంటి ఎముకల దగ్గర, మడమల దగ్గర ఎర్రబడిందేమో చూడండి. ఎర్రబడిన చోట మసాజు చేయకూడదు. దాని మీద బరువు పడకుండా రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. పడక పుండు వాసన ఒకసారి మొదలైందంటే అది లోపల చాలా దూరం వెళ్ళిందని అర్థం. మూత్రపు గొట్టం ఉన్నవారికి సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందనే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు.

డైపర్లు కొనగలిగినవారు వాడుకోండి, కాని నిండేదాకా ఉంచవద్దు. మలం తగిలితే ఆ నిమిషమే మార్చాలి. కొనలేనివారు సిగ్గుపడవద్దు. పాత నూలు చీరలు, పాత పంచెలు చింపి మడతపెట్టిన గుడ్డలు చర్మానికి ఎంతో మంచివి. పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద దళసరి నూలు దుప్పటి వేయండి. రబ్బరు ఎప్పుడూ ఒంటికి నేరుగా తగలకూడదు. తడిసిన గుడ్డలు మొదట చన్నీళ్ళలో జాడించి, తరువాత సబ్బునీళ్ళలో నానబెట్టి, ఉతికి ఎండలో ఆరేయండి. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పౌడరు చల్లకండి, ఘాటు పొగ వచ్చి దగ్గు పట్టుకుంటుంది. బ్లీచింగును టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. డెట్టాలు నీళ్ళు కలపకుండా ఒంటికి రాస్తే చర్మం కాలుతుంది. ఇది చూసి చూసి విసిగిపోయి చెబుతున్నాను.

మగవారితో ఒక మాట. ఈ పనంతా ఇంటి కోడలి మీదనో, పెళ్ళయి వచ్చిన కూతురి మీదనో పడుతోంది. నాన్నగారికి స్నానం చేయించడం కొడుకు చేయవలసిన పని. ఆయనకు కూడా అదే తేలిక. అమ్మగారి దగ్గర మీ భార్య చేస్తుంటే నీళ్ళు మోయండి, గుడ్డలు ఉతకండి. అసహ్యం వేయడం పాపం కాదు. మాకు కూడా మొదట్లో వేసింది. చేతికి తొడుగులు వేసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కోండి. వారితో మాట్లాడుతూ చేస్తే పని తొందరగా అవుతుంది. లాజరు చనిపోయిన నాలుగో రోజున యేసుప్రభువు సమాధి తెరవమన్నప్పుడు, ఇప్పటికి వాసన వస్తుందని మార్త అడ్డుపడిందట. అంత దుఃఖంలో కూడా ఆ ఇంటి ఆడపిల్లకు ముందు గుర్తొచ్చింది వాసనే. ఆయన మాత్రం రాయి తీయించాడు. ఆ సువార్తలోనే మరికొంత ముందుకు వెళితే ఆయన నడుముకు తువాలు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి, శిష్యుల పాదాలు కడిగాడు. దుమ్ము దారుల్లో నడిచి వచ్చిన పాదాలు అవి. మా నర్సింగు స్కూలులో మొదటిసారి రోగికి మంచం మీద స్నానం చేయించే రోజున ఆ భాగమే చదివించేవారు.

మందులతోపాటు మీరు డాక్టరుకు ఇచ్చే వివరాల్లో ఇకనుంచి వాసనను కూడా చేర్చండి. ఎప్పటినుంచి, ఎక్కడినుంచి, ఎలాంటిది అని. పెద్దవారిని బయటకు పంపి గుసగుసగా చెప్పనవసరం లేదు. ఓ.పి. చీటీ రాసే సిస్టరుతో ముందే ఒక మాట అంటే, ఆమె వారిని పక్కగదిలోకి తీసుకువెళ్ళి చూస్తుంది.

మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆడవారి వార్డు చివరి గదిలో మంచం మీద స్నానం ఎలా చేయించాలో, గొట్టం చుట్టూ ఎలా శుభ్రం చేయాలో చూపిస్తాము. ఇంటికొకరు రండి. అబ్బాయిలు కూడా రావచ్చు. వచ్చేటప్పుడు ఒక పాత నూలు పంచె, ఒక తువ్వాలు తెచ్చుకోండి. ఇప్పుడు వార్డుకు వెళ్ళగానే, షుగరు ఉన్నవారి దుప్పటి పాదాల దగ్గర ఒకసారి తీసి చూడండి. ఏదైనా కనిపిస్తే నేను ఐదు గంటల దాకా డ్రెస్సింగు గదిలోనే ఉంటాను.